కోటమ్మ తోటలో ఖాదర్ సార్

మిరప ఆకును మీటరు నోట్లో పెట్టి నొక్కగానే కీచుమని చిన్న చప్పుడొస్తుంది. అది వింటే ఇప్పటికీ నాకు ఖాదర్ సార్ గుర్తొస్తారు. గురజాల దగ్గర పంటలు పరిశీలించే పనిలో ఆయన నా పై అధికారి. ఆకు తుంచకుండా, నలపకుండా అందులో పత్రహరితం ఎంతుందో ఆ మీటరు చెబుతుంది. ఎవరైనా ఆకు తుంచితే సార్‌కి ఎక్కడలేని కోపం. "ఇవాళ తుంచేస్తే వచ్చే వారం దేన్ని అడుగుతావయ్యా?" అనేవారు. సున్నపు బట్టీల దుమ్ము పడిన ఆకును జేబురుమాలుతో తుడిచాకే మీటరు పెట్టనిచ్చేవారు. అంత చాదస్తపు మనిషి.

ఒక ఏడు కోటమ్మ అనే కౌలు రైతు మిరప తోట పసుపుబారింది. ఆమె మమ్మల్ని గట్టుమీదే నిలేసింది.

"ఒక్క మాట చెప్పు సారూ. బతుకుద్దా? బతకదంటే ఇప్పుడే పీకేసి జొన్న ఏసుకుంటా. ఇంకా ఆలస్యమైతే అదీ రాదు."

సార్ ఆకులకు పోషకాలు పిచికారీ చేయించి, వారం ఆగమన్నారు. వారానికి ఆకు పచ్చబడింది, మీటరులో అంకె పెరిగింది. "ఉంచమ్మా, కోలుకుంటోంది" అన్నారు సంతోషంగా. ఆమె రెండు చేతులూ జోడించింది.

పూత వచ్చింది. వచ్చినట్టే రాలిపోయింది. సార్ ఒక పువ్వును అరచేతిలో దులిపారు. పూత రసం పీల్చి రాల్చేసే నల్ల తామర పురుగులు బిలబిలమంటూ పాకాయి.

"ఆకునే చూశానయ్యా. పచ్చబడిందని మురిసిపోయాను. పువ్వు విప్పి చూడలేదు" అన్నారు.

అప్పటికే జొన్నకు అదును దాటిపోయింది. కోటమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చెట్లు పీకే రోజున సార్ కూడా ఆమె పక్క సాలులో దిగారు.

"నీకెందుకు సారూ ఈ పని, చేతులు బొబ్బలెక్కుతాయి" అందామె. ఆయన వినలేదు.

మరుసటి ఏడు కోటమ్మ కౌలు వదిలేసి, చిలకలూరిపేటలో నూలు మిల్లు పనికి పోయింది. సార్ రిటైరయ్యాక, చనిపోయేదాకా, ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవారు: "కోటమ్మ మళ్ళీ సేద్యంలోకి వచ్చిందా?" "రాలేదు సార్" అనేవాణ్ణి.

ఇప్పుడు మీటరు పట్టుకుని నేను తిరుగుతున్నాను. అంకె చూస్తాను, పూలు దులుపుతాను, తెలియనిది తెలియదంటాను. మొన్న మాచర్ల వైపు ఒక రైతు మండిపడ్డాడు. "తెలవనోడివి ఏందయ్యా, మిషను పట్టుకోని ఎందుకొచ్చినట్టు?" అన్నాడు. ఆ మాట పడ్డాను. పడతాను. తోట పీకెయ్యమంటారా అని ఎంతోమంది అడిగారు. ఉంచమనే మాట మాత్రం ఇంతవరకూ నా నోట రాలేదు.