అద్దం అడిగినంత వేడి

మా సారు పోయారన్న కబురు నాకు నిచ్చెన మీద ఉండగా అందింది. హబ్సిగూడలో ఒక మిఠాయి దుకాణం వెనక కూలింగ్ మెషిన్ ఫ్యాను విప్పుతున్నాను. జేబులో ఫోన్ మోగింది. రెండు చేతులకూ గ్రీజు ఉంది, మోగనీ అని వదిలేశాను. మళ్ళీ మోగింది. సారు కూతురు. "అంకుల్, నాన్న పొద్దున లేస్తలేడు" అంది. నేను తెలివి తక్కువగా, "ఒంట్లో నలతగా ఉన్నదేమో, పడుకోనీయమ్మా" అన్నాను. అటువైపు ఆ అమ్మాయి ఏడ్చింది. అప్పుడు దిగాను నిచ్చెన.

ఇది చదివేవాళ్ళలో చాలామందికి నేను గొంతు పెంచి మాట్లాడేవాడిగానే తెలుసు. ఆదివారం సాయంత్రాలు మల్కాజ్‌గిరి స్టేషన్ దగ్గర రేకుల షెడ్డులో వాక్యం చెప్తాను. నాకు మైకు దండగని మా సంఘంవాళ్ళే నవ్వుతారు. ఏ బైబిలు కాలేజీకీ పోలేదు. ఒకటే గ్రంథాన్ని మళ్ళీ మళ్ళీ చదివి, మోకాళ్ళ మీద నేర్చుకున్నాను. వారంలో మిగతా రోజులు తార్నాకలో దుకాణాల ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేస్తాను. ఆ పనీ విప్పి, పాడుచేసి, బిగించి నేర్చుకున్నదే. ఇంత వయసు వచ్చాక నాకు గురువంటూ దొరికింది ఒక్కరే. యూనివర్సిటీలో రిఫ్రిజిరేషన్ పాఠాలు చెప్పి రిటైరై, మా వీధి చివరింట్లో ఉండిన సారు.

సారు గుడికి పోరు, మా షెడ్డుకూ రారు. ఒకసారి మాత్రం వచ్చారు. దేవుడు పని చేశాడని నేను లోలోపల పొంగిపోయాను. ఆయన చివరి వరుసలో కాసేపు కూర్చుని, పైకి, పక్కలకు చూసి, నేను ప్రసంగం ముగించగానే దగ్గరికి వచ్చి, "గాలి ఆడుతలేదు నీ షెడ్డుల. ఆ గోడకొక ఎగ్జాస్ట్ పెట్టియ్యి. జనం నిద్రపోయేది నీ ప్రసంగానికి కాదు, ఉక్కకు" అన్నారు. పెట్టించాను. నిద్రలు తగ్గాయి.

పొద్దున్నే యూనివర్సిటీ లోపలి రోడ్ల మీద నడిచేవారు, గొడుగు చంకలో పెట్టుకుని. హోటల్లో నీళ్ళ గ్లాసు పెడితే తాగకముందు దాని బయటి గోడను వేలితో తడిమి చూసేవారు. వేలు తడి అయితే, "ఇయ్యాల గాలిల నీళ్ళు మస్తున్నయ్" అని తనలో తనే అనుకునేవారు. నేను కనిపిస్తే చాలు, మొదలుపెట్టేవారు.

"ఏం పాస్టరూ, ఈ ఆదివారం ఎవర్ని నరకానికి పంపినవ్?"

"నేను పాస్టర్‌ను కాదు సార్. పంపేదీ నేను కాదు."

"మరి అరిచేది నువ్వే కద!"

యూనివర్సిటీ లోపల హాస్టళ్ళ దారిలో ఒక అక్క దుకాణం ఉంది. పాలు, పెరుగు, కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములు. గోడ పొడవునా అద్దాల తలుపుల కూలర్లు, ఫ్రీజర్లు. అక్కది జనగామ వైపు పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. భర్త ఆటో నడుపుతాడు గానీ ఇల్లు నిలబడ్డది ఆ దుకాణం మీదనే. ఒక వానాకాలం ఆ దుకాణం ఆమె చేతిలోంచి పోయేంత పని అయింది. సారంటే ఎవరో మీకు తెలియాలంటే ఆ సంగతే చెప్పాలి.

లోపల గడ్డకట్టే చలి, బయట వానాకాలపు గాలి, మధ్యన అద్దం. ఆ అద్దం చెమటలు కక్కుతుంది. అలా కక్కకుండా తలుపు చట్రంలో, అద్దంలో వెంట్రుకంత సన్నటి హీటర్ తీగలు పెడతారు. అవి పగలూ రాత్రీ వేడెక్కుతూనే ఉంటాయి, ఎండాకాలం గాలి ఎండిపోయి ఉన్నా సరే. ఆ వేడి లోపలికీ పోతుంది, దాన్ని చల్లబరచడానికి మెషిన్ మళ్ళీ ఆయాసపడుతుంది. కరెంటు బిల్లుకు భయపడి అక్క ఎవరో మెకానిక్‌తో ఆ తీగల కనెక్షన్లన్నీ పీకించేసింది. వానలు మొదలయ్యాయి. తలుపుల మీంచి నీళ్ళు ధారలు కట్టి నేల తడిసి, ఒక హాస్టల్ అమ్మాయి జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. యూనివర్సిటీ ఆఫీసువాళ్ళు వచ్చి, ఇది సరిచేయకపోతే దుకాణం వేరేవాళ్ళకు ఇస్తామన్నారు. వచ్చి చూసే రోజు కూడా చెప్పి పోయారు.

"అన్నా, తీగలు పెడితే కరెంటోడు సంపుతడు, తీస్తే నీళ్ళు సంపుతయ్. నేనేం జెయ్యాలె చెప్పు!" అంది అక్క నన్ను పిలిపించి.

నాకు తెలియలేదు. సారు దగ్గరికి పోయాను.

"అద్దం ఎంత అడిగితే అంతే ఇయ్యాలె వేడి" అన్నారు సారు. "ఎక్కువిస్తే ఐస్‌క్రీం ఏడుస్తది, తక్కువిస్తే అద్దం ఏడుస్తది."

దానికొక కంట్రోలర్ ఉంటుందట. గాలిలో తేమను, వేడిని చూసుకుంటూ, ఎంత చల్లటి అద్దం మీద నీళ్ళు పడతాయో లెక్కగట్టి, తీగలకు ఆ మేరకే కరెంటు వదులుతుంది. కాసేపు వెలిగించి, కాసేపు ఆర్పి. వాన రోజున ఎక్కువసేపు, ఎండ రోజున ఎప్పుడో ఒకసారి. ఆ కంట్రోలర్ పెట్టె తెప్పించాను, తీగలు మళ్ళీ కలిపాను. గాలిని చూసే సెన్సర్‌ను గోడకు బిగించబోతే సారు నా చేతిలోంచి డ్రిల్లు లాక్కున్నారు.

"ఆగు. గాలిని ముందు పరిచయం చేసుకో."

స్టూలు వేసి కూర్చోబెట్టారు. పిల్లలు ఎక్కడ గుమిగూడుతున్నారు, ఏసీ గాలి ఎటు కొడుతుంది, తలుపు తెరిచినప్పుడు చలి ఎటు జారుతుంది, టీ బాయిలర్ ఆవిరి ఎంత దూరం పోతుంది, అన్నీ చూడమన్నారు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాని పని. చూసి చూసి, వీటన్నిటికీ ఎడంగా నడుమ ఉన్న స్తంభం మీద, తలకంటే ఎత్తులో, సెన్సర్ ఉన్న చిల్లుల తెల్లడబ్బాను బిగించాం. వాన పడే రోజు వచ్చి అన్నిట్లోకీ చల్లటి తలుపు ముందు నిలబడ్డాం. మూలన సన్నగా మసక పట్టేదాకా వేడి తగ్గించుకుంటూ పోయాం. అక్కడ ఆగి ఒక మెట్టు పెంచి, అదే ఖాయం చేశాం.

ఆ మసక కోసం కాచుకుని ఉన్నప్పుడు నేను ఊరుకోలేక వాక్యం ఎత్తుకున్నాను. పూర్వం ఒక మనిషి కళ్ళంలో గొర్రెబొచ్చు పరిచి, దేవా, నీవు నాతో ఉంటే మంచు దీని మీదనే పడాలి, చుట్టూ నేల పొడిగా ఉండాలి అని అడిగాడు. అట్లాగే అయింది. మరునాడు తిరగేసి అడిగాడు, బొచ్చు పొడిగా ఉండాలి, నేల తడవాలి అని. అదీ అయింది. "అల్పవిశ్వాసి సార్! ఒకసారి చూపిస్తే నమ్మొద్దా?" అన్నాను. షెడ్డులో ఎప్పుడూ నేను అలాగే ఉతికి ఆరేస్తాను ఆ మనిషిని.

సారు అద్దం మీంచి కళ్ళు తీయకుండా, "అల్పం ఏంది? మస్తు తెలివైనోడు. బొచ్చు ఉత్తగనే మంచు పీల్చుకుంటది, నేల తొందరగ ఆరుతది. మొదటి దినం అయింది దేవుడు చేసిండా, బొచ్చు చేసిందా, ఎట్ల తెలియాలె? అందుకనే తిరగేసి చూసిండు. టెస్టింగ్ అంటే గట్ల ఉండాలె. మీ దేవుడు గూడ కోపం చేయలేదు, చూసినవా?" అన్నారు.

అన్నేళ్ళుగా చెప్తున్న వాక్యం, ఆ వైపు నుంచి ఎన్నడూ చూడలేదు.

ఆఫీసువాళ్ళు రావాల్సిన రోజుకు ముందురోజు పొద్దున అక్క ఫోన్ చేసింది. "అన్నా, తలుపులు కాలుతున్నయ్. ఐస్‌క్రీం మెత్తవడ్డది. మీటర్ గిర్రున తిరుగుతున్నది. గిదేం మిషనన్నా, నా కొంప ముంచెటట్టున్నది!"

పోయి చూస్తే నిజమే. బయట ఎండ కాస్తోంది, వాన పడక నాలుగు రోజులైంది. పెట్టె మాత్రం దుకాణంలో జడివాన పడుతున్నట్టు అంకెలు చూపిస్తూ, తీగలన్నిటినీ ఆపకుండా వెలిగిస్తోంది. వైర్లన్నీ విప్పాను, బిగించాను. పెట్టెను అమ్మినవాడిని, చేసినవాడిని గట్టిగానే తిట్టాను. అక్క గల్లా దగ్గర తల పట్టుకుని కూర్చుంది. అది చూడలేకపోయాను.

నేను పిలిస్తే సారు వచ్చి ఒక స్టీలు గ్లాసు, కొన్ని ఐసు ముక్కలు అడిగారు. గ్లాసులో నీళ్ళు పోసి, థర్మామీటర్ దించి, ఒక్కొక్క ముక్క వేస్తూ తిప్పుతూ కూర్చున్నారు. గ్లాసు వెలుపల మసక పట్టిన క్షణాన వేడి ఎంతుందో చూశారు. పెట్టె చూపించే అంకెకూ దానికీ పొంతనే లేదు.

"గ్లాసు ఒకటి చెప్తున్నది, డబ్బా ఒకటి చెప్తున్నది. గ్లాసుకు అబద్ధం రాదు. అంటే డబ్బా ఉన్నకాడ గాలే వేరే ఉన్నది" అని లేచి, స్తంభం దగ్గరికి పోయి తల ఎత్తారు. అట్లాగే నిలబడి నవ్వడం మొదలుపెట్టారు. "పాస్టరూ, ఇటు రా. నీ గొర్రెబొచ్చు దొరికింది."

కొత్త మిషన్‌కు దిష్టి తగలకూడదని అక్క స్తంభం మీద డబ్బాకు పైన అమ్మవారి పటం పెట్టింది. పటానికి బంతిపూల దండ, వాడిపోకుండా పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరిస్తోంది. దండ కొసలు దిగి తెల్లడబ్బాను నిండా కప్పేశాయి. పొద్దున్నుంచీ నేను ఆ స్తంభం చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. పటం వైపు చూడకూడదని నా నియమం, చూపు తిప్పుకుంటూ తిరిగాను. సారేమో పటాలు ఉన్నా లేనట్టే నడిచే మనిషి. ఇద్దరం ఇద్దరమే.

నాకు ఒళ్ళు మండింది. విగ్రహాల మీద ప్రవక్తలు పలికిన మాటలన్నీ నాలుక చివరికి వచ్చాయి. "అక్కా, అసలు ఇది..." అన్నానో లేదో, సారు ఆ చల్లటి గ్లాసు తెచ్చి నా చేతుల్లో పెట్టి, "పట్టుకో, రెండు చేతులతోని. ఒలికిపోతది" అన్నారు. పట్టుకున్నాను. చేతులు జివ్వుమన్నాయి. నోటిమాట అక్కడే ఆగింది.

అక్కకు విషయం అర్థమై కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తీసేస్త సారూ. పటం తీసేస్త. నా చేతులారా నేనే చేసుకున్న" అంది.

"ఎందుకమ్మా? ఆమె జాగ ఆమెకు ఉండనియ్. డబ్బానే జరుగుతది. దానికి ఏ పట్టింపు లేదు" అన్నారు సారు.

స్తంభం రెండోవైపుకు డబ్బా మార్చాం. స్క్రూలు సారు విప్పుతుంటే, ఆ దండను పక్కకు ఎత్తి పట్టుకున్నది నేనే. మా సంఘంవాళ్ళు ఈ ముక్క ఇక్కడే మొదటిసారి చదువుతున్నారు. వచ్చే ఆదివారం అడుగుతారు, అడగనీ. కాసేపటికి పెట్టె అంకెలు దిగాయి, తలుపుల వేడి తగ్గింది. సారు మళ్ళీ గ్లాసులో ఐసు వేసి, ఇంకోసారి కొలిచి చూశాకే ఇంటికి పోయారు.

మరునాడు తెల్లారేసరికి కుండపోత. ఆఫీసువాళ్ళు తడిసిన బూట్లతో వచ్చారు. పెద్దాయన అద్దం మీద వేలు రాసి, ఆ వేలును చూసుకున్నాడు. వంగి తలుపుల కింద నేల చూశాడు. "ఏం పెట్టించినవమ్మా?" అన్నాడు. "నాకేం తెల్వది సార్, మా సారు పెట్టిండు" అంది అక్క. వాళ్ళు టీ తాగి పోయారు. కొన్నాళ్ళకు దుకాణం ఆమెకే ఉంచుతూ కాగితం వచ్చింది. ఇప్పటికీ ఆమెదే.

నేను మారిపోయానని చెప్పను. ఇప్పటికీ అరుస్తాను, దేవుడు ఇచ్చిన గొంతు అది. కానీ నిలబడి వాక్యం తెరిచేముందు కాసేపు ఎదురుగా ఉన్న ముఖాలను చూస్తున్నాను. ఎవరు ఏం మోసుకొచ్చారో, ఎవరికి ఎంత వేడి పనికొస్తుందో చూస్తున్నాను. కొన్ని ఆదివారాలు చాలా మెల్లగా మాట్లాడి దిగిపోయాను. ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

నేను పోయేసరికి సారును వాకిట్లో ఫ్రీజర్ బాక్సులో పడుకోబెట్టారు. ఆదిలాబాద్ నుంచి సారు తమ్ముడు రావాలి, దారిలో వానలు. తార్నాకలోనూ ముసురే. అద్దెకు తెచ్చిన పాత బాక్సు అది. పైనున్న అద్దం మీద నీళ్ళు పట్టి, సారు ముఖం తెల్లటి మసకలా తప్ప కనిపించడం లేదు. ఎవరో టవల్‌తో తుడుస్తున్నారు, తుడిచిన చోటే మళ్ళీ పడుతోంది. సారు భార్య కుర్చీలో ఒంగి, "ముఖం కనవడ్తలేదు" అని ఒకటే మాట అంటున్నారు. దుకాణం అక్క ఆమె భుజం పట్టుకుని నిలబడింది. కూతురు నా దగ్గరికి వచ్చి, "అంకుల్, మీరు రెండు మాటలు చెప్పండి. నాన్నకు మీరంటే ఇష్టం" అంది.

గ్రంథం చంకలోనే ఉంది. పునరుత్థానం మాటలన్నీ కంఠతా వచ్చు. బాక్సు దగ్గరికి పోయి నిలబడ్డాను. గ్రంథం కుర్చీలో పెట్టి, సారు ముఖం ఉన్నచోట అద్దం మీద అరచెయ్యి ఆనించాను. చలి మోచేతిదాకా ఎక్కింది. చాలాసేపు అలాగే ఉంచాను. తీసేసరికి చెయ్యంత మేర అద్దం తేటపడి ఉంది. సారు నుదురు, ముక్కు మీద కళ్ళద్దాల నొక్కు కనిపించాయి. సారు భార్య లేచి వచ్చి చూసుకున్నారు. అంచుల నుంచి మసక మెల్లగా లోపలికి పాకుతుంటే, అక్క ముందుకు వంగి తన చెయ్యి ఆనించింది. ఆమె తర్వాత కూతురు. తమ్ముడు వచ్చేదాకా ఆ వాకిట్లో ఎవరో ఒకరి చెయ్యి ఆ అద్దం మీద ఉంటూనే ఉంది.