ఫోను పక్కన పెట్టమనే అధికారం

మా తోడికోడలికి కాలు విరిగింది మిరపకోతకు పోయి వస్తున్న ఆటోలో. యర్రగొండపాలెం రోడ్డు మలుపులో ఆటో గుంతలోకి దొర్లింది. డ్రైవరు మా ఊరివాడే, నాకు మరిది వరస. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూ తోలాడని ఆటోలోని ఆడవాళ్లంతా నాతో చెప్పారు. పోలీసులు అడిగితే మాత్రం గొర్రె అడ్డం వచ్చిందన్నారు. మర్నాడు పనికి పోవాలంటే మళ్లీ అతని ఆటోనే ఎక్కాలి మరి.

నేనప్పుడు పంచాయతీ వార్డు మెంబర్ని. మా ఊరి పొలిమేరలో ఫోను మాట్లాడుతూ బండి నడిపితే జరిమానా వేద్దామని మీటింగులో లేచి అడిగాను. సర్పంచి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే ఆమె భర్త నవ్వాడు. సెక్రటరీ మర్యాదగానే చెప్పాడు. చెత్త రోడ్డు మీద పోస్తే వేయొచ్చట, కుళాయికి మోటారు బిగిస్తే వేయొచ్చట. ఫోను సంగతి మాత్రం పోలీసులూ రవాణా శాఖా చూసుకోవాలట.

"మనకా పవర్ లేదక్కా" అన్నాడు.

స్టేషనుకు పోతే మనుషులు చాలరన్నారు. మార్కాపురం రవాణా ఆఫీసుకు పోయి అడిగితే, ఎదురుపడితే కేసు రాస్తామన్నారు. వాళ్లు మా రోడ్డు మీద ఎదురుపడింది నేనైతే చూడలేదు. తిరుగు బస్సులో నాకు ఒళ్లు మండిపోయింది. బకెట్టు నీళ్లు ఎక్కువ పట్టుకున్న దానికి జరిమానా వేయగలం, ఆడవాళ్ల ప్రాణాలతో ఆడుకునేవాణ్ని ఒక్క మాట అనలేం.

మరుసటి పొద్దున ఆటో స్టాండు దగ్గర నిలబడ్డాను. మరిది ఫోను మాట్లాడుతూనే వచ్చాడు. ఆటో నిండా కూలీలు. ఎదురుపోయి హ్యాండిల్ పట్టుకున్నాను.

"ఏంది వదినా, నీకేం పవరుందని ఆపుతుండావు?" అన్నాడు. కూలీలను కుదిర్చే మేస్త్రీ ఫోను ఎత్తకపోతే ఆ కిరాయి ఇంకో ఆటోకు పోతుందని అతని బాధ.

"పో, పోయి ఆమె కాలు చూసిరా. అప్పుడడుగు పవరు సంగతి" అన్నాను.

ఆలస్యమైతే చేలో ఊరుకోరు, వదిలేయమని ఆటోలోని ఆడవాళ్లే నన్ను బతిమాలారు. వాళ్ల మీద ఇంకా కోపం వచ్చింది. అయినా చెయ్యి తీయలేదు. చివరికి అతను ఫోను కట్ చేసి, వెనక కూర్చున్న ముసలామెకు ఇచ్చి పోయినాడు. ఆ తర్వాత నుంచి ఆ ఫోను ఆమె ఒళ్లోనే ఉంటోంది. మోగితే ఎత్తి, "బండి తోలుతుండాడు, తర్వాత చెయ్యి" అని గట్టిగా చెప్పి పెట్టేస్తుంది.

ఒక్క ఆటో. మిగతా ఆటోలు, టిప్పర్లు, మోటారుసైకిళ్లు ఎప్పటిలాగే పోతున్నాయి. నేనడిగిన జరిమానా తీర్మానాన్ని పంచాయతీవాళ్లు పుస్తకంలో ఉత్త విజ్ఞప్తి అని రాసుకున్నారు. మా తోడికోడలు కోతకు నిలబడలేక, ఇంట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఎవరికి చేయాలి విజ్ఞప్తి?