పిట్టకు పెట్టిన రోజు

మద్యనిషేధం పెట్టినప్పుడు నేను సంతోషించాను. నా వల్ల కానిది సర్కారే చేసిపెడుతుందనుకున్నాను. సరుకు దొంగచాటుగా దొరుకుతూనే ఉండింది, నేను తాగుతూనే ఉన్నాను. తర్వాత నిషేధం ఎత్తేశారు. మా శంషాబాద్‌లో బస్సు దిగేచోట దుకాణం మళ్లీ తెరిచిన కొద్దిరోజులకే దవాఖానలో పడ్డాను. అక్కడి డాక్టరు మందులతో పాటు ఒక చోటు కూడా చెప్పాడు. అత్తాపూర్‌లో ఒక బడి వెనక గదిలో, ప్రతి ఆదివారం సాయంత్రం, తాగుడు మానాలనుకునేవాళ్లు కూర్చుంటారట.

మొదటిసారి వెళ్తే ఆ గది దొరకలేదు. దొరకలేదంటే, ఎవరినీ అడగలేదు. అడిగితే నా సంగతి తెలిసిపోతుందని భయం. తాగి రోడ్డు మీద పడిపోయినప్పుడు లేని సిగ్గు అప్పుడు ముంచుకొచ్చింది. తర్వాతి ఆదివారం తెగించి పాన్‌డబ్బా ఆయనను బడి ఎక్కడని మాత్రం అడిగాను. ఆయన తలెత్తకుండానే, తాగుబోతుల మీటింగుకైతే వెనక గల్లీలోంచి పొమ్మన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా ఆ గల్లీలోంచే వెళ్లాను.

అన్నీ చిన్నపిల్లల బెంచీలు. మోకాళ్లు పట్టక అందరం పక్కకు తిరిగి కూర్చునేవాళ్లం. టీ పోసే పెద్దాయన గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన గుమాస్తా. తాగి పోగొట్టుకున్న సంసారం గురించి కూడా ‘అండీ’ అంటూ మర్యాదగా చెప్పేవాడు. నాకు దగ్గరైనవాడు మంఖాల్ నుంచి వచ్చే రైతు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. మానేసి ఏడాది దాటింది. తిరుగు ప్రయాణంలో ఇద్దరిదీ శంషాబాద్ దాకా ఒకే బస్సు. దిగాక ఆ దుకాణం ముందు నుంచే నేను ఇంటికి పోవాలి. అన్న దుకాణం వైపు తాను నడుస్తూ, నన్ను ఇవతల నడిపించేవాడు. నా గల్లీ మొదట్లో వదిలిపెట్టి, అప్పుడు తన ఊరి ఆటో ఎక్కేవాడు. నీకు మనసు పీకదా అని ఒకసారి అడిగితే నవ్వాడు. ఆయన దాహం చచ్చిపోయిందనీ, నాదీ ఏదో ఒకరోజు అలాగే చస్తుందనీ నమ్మాను. ఆ నమ్మకంతోనే వారాలు గడిపాను.

ఆయన మానేసినా ఆయన కాలేయం పాతవన్నీ గుర్తుపెట్టుకుంది. కామెర్లు ముదిరి, పొట్ట ఉబ్బి, వానాకాలంలో పోయాడు. నాకు తెలిసేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది. మూడో రోజు పిట్టకు పెడుతున్నారని తెలిసి మంఖాల్ వెళ్లాను.

పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి సమాధి దగ్గర పెడతారు. కాకి వచ్చి ముడితే తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. పొలం గట్టున కొత్త మట్టి మీద విస్తరి వేశారు. అన్నం, కోడికూర, ఉడికించిన గుడ్లు, ఒక బీడీకట్ట. పక్కనే మూత తీయని క్వార్టర్ సీసా. కాకి కరెంటు తీగ మీద కూర్చుంది కానీ దిగలేదు. జనం దూరంగా నిలబడి ఎదురుచూశారు. చివరికి అన్న తల్లి నా దగ్గరికి వచ్చి, సీసా తీసి నా చేతిలో పెట్టింది.

“నువ్వు దోస్తువు బిడ్డా. నీ చేత్తోని జర పొయ్యి.”

ఆయన ఇడిసిపెట్టిండు గదమ్మా అన్నాను మెల్లగా.

“నాకెర్క లేదా? బతికున్నన్ని దినాలు వద్దు వద్దని సతాయించిన. ఇగ సచ్చినంక గూడ వద్దనాల్నా?”

మూత తిప్పాను. వాసన ముక్కుకు తగలగానే నోట్లో నీళ్లూరాయి. ఆ క్షణంలో నాకు అన్న పోయాడన్న దుఃఖం లేదు, అసూయ ఉంది. ఇక ఆయన ఏ భయం లేకుండా తాగొచ్చు. వంచబోతే కొంత నా వేళ్ల మీద ఒలికింది. మిగిలింది మట్టిలో ఇంకింది. సీసా కింద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేశానో లేదో, కాకి దిగి అన్నం ముట్టింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తల్లి చేతులు జోడించింది.

అంటే అన్న దీనికోసమేనా ఆగాడు? దుకాణం పక్కన నాకు అడ్డంగా నడిచిన ప్రతి ఆదివారం ఆయన దీన్నే తలుచుకున్నాడా? ఇంటికొచ్చి ఎన్నిసార్లు కడిగినా వేళ్ల వాసన పోయినట్టు అనిపించలేదు. కళ్లు మూసుకుంటే తీగ మీది కాకి కనపడేది. అన్నకే చావని దాహం నాకు చస్తుందా?

ఆదివారం మీటింగులో అందరి ముందూ నోరు రాలేదు. అయిపోయాక, గ్లాసులు కడుగుతున్న గుమాస్తా గారికి అంతా చెప్పాను. ఆ ఏడాదంతా అన్నకు దాహం వేస్తూనే ఉందేమోనండీ అన్నాను. ఆయన కుళాయి కట్టేసి నావైపు తిరిగాడు.

“వేసే ఉంటుందండీ. ఆ దాహంతోనే మిమ్మల్ని ప్రతి ఆదివారం ఇంటిదాకా దిగబెట్టాడు.”

ఆ మాటకు ధైర్యం రాలేదు, ఏడుపొచ్చింది. ఆ చిన్న బెంచీ మీద కూర్చుని, ఆయన పోయాక మొదటిసారి ఆయన కోసం ఏడ్చాను.