బెల్లం నడిచొచ్చిన షాటు

నేను రిటైరు కావడానికి ముందటి చలికాలం. పెనుకొండ పశువైద్యశాలలో అటెండరుగా ఉన్న నన్ను డాక్టరుగారు ఒక సినిమా షూటింగు దగ్గర డ్యూటీకి వేశారు. తోడులేని ఒక పాపకు వీధికుక్క దొరకడం, ఇద్దరూ కలిసి తిరగడం, చివరికి విడిపోవడం ఆ సినిమా కథ. పిల్లా పెద్దా కలిసి కూర్చుని చూసే సినిమా.

జంతువును పెట్టి సినిమా తీయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. పశువైద్యుడు దాన్ని పరీక్షించి, టీకా వేసి, ఆరోగ్యంగా ఉందని సర్టిఫికెట్ ఇవ్వాలి. పని జరిగేటప్పుడు కనిపెట్టుకొని ఉండాలి. డాక్టరుగారు పొద్దున వచ్చి చూసి, గొర్రెలకు మందు తాపే క్యాంపులకు వెళ్లేవారు. ఫోన్ చేస్తే వచ్చేంత దూరంలోనే ఉండేవారు. మిగతా పొద్దంతా కుక్క దగ్గర నేను. నేను చెయ్యెత్తితే షాటు ఆపాలని డైరెక్టరును ఆయనే ఒప్పించారు. మా ఆఫీసులో అందరికంటే కింది ఉద్యోగం నాది. వేలిముద్ర వేసి చేరాను, నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అంతమంది పని నా చేతితో ఆగుతుందంటే మొదట నాకే నమ్మకం కలగలేదు.

ఆ కుక్క హిందూపురం చింతపండు మార్కెట్‌లో పెరిగింది. బెల్లం రంగులో ఉంటుందని, అక్కడ గింజలు తీసే ఆడవాళ్లు దాన్ని బెల్లం అనేవారు. సినిమాలో పేరు బ్రూనో. జీపు ఎక్కించేటప్పుడు గంగమ్మ అనే ఆమె సినిమా మేనేజరును నిలదీసింది.

"ఏమప్పా, మా బెల్లాన్ని యాడికి తీస్కపోతాండావు? పనైపోతానే మళ్లా ఈడికే తెచ్చి ఇడ్సాల."

నియమం కూడా అదే. వీధికుక్కను పట్టిన చోటే వదలాలి.

పాప పేరు మేఘన. ఎనిమిదేళ్లుంటాయి. హైదరాబాదు నుంచి పిన్నితో వచ్చింది. పిన్నికి ఫోనే లోకం. ఆడుకోవడానికి అక్కడ ఇంకో పిల్ల లేదు. షాటుకూ షాటుకూ మధ్య ఆ పాప వచ్చి, కుక్క నీళ్లగిన్నెకు ఇవతల నా పక్కన కూర్చునేది. మొదట ఆంటీ అంది. రెండు రోజులకే అవ్వా అనడం మొదలుపెట్టింది.

పెనుకొండ కొండ మీద పొద్దున్నే తీసిన షాట్లు నాకు కలలో చూసినట్టే గుర్తున్నాయి. కింద ఊరు మంచులో మునిగిపోయేది. కోటగోడ ఒక్కటే గాలిలో తేలుతున్నట్టుండేది. అది చాలదని సినిమావాళ్లు పొగ వదిలేవారు. ఆ తెలుపులోంచి పాప నడిచి వచ్చేది. వెనకాల బెల్లం. దాని కాళ్లు కనిపించేవి కావు, ఎక్కడో నీళ్లలో ఈదుతున్నట్టు వచ్చేది. దగ్గరికొచ్చి తలెత్తి పాప ముఖంలోకి అలా చూస్తూ నిలబడేది.

కానీ అది చూసేది పాపను కాదు. కుక్కకు తర్ఫీదు ఇచ్చే మాస్టరు కెమెరాకు అందకుండా, పాప చెవి పక్కగా, వేయించిన కోడి కార్జం ముక్క పట్టుకొని ఉండేవాడు. షాట్లున్న రోజు పొద్దున దానికి సగం తిండే. కడుపు కాస్త వెలితిగా ఉంటేనే చెయ్యి వెంట వస్తుంది. తర్ఫీదులో ఉన్నంతకాలం మాస్టరు తప్ప ఇంకెవరూ దాన్ని విడిగా పిలవకూడదు, తినిపించకూడదు. పాపకూ అదే కట్టడి.

"అది నన్ను చూడట్లేదు అవ్వా, మాస్టర్ చెయ్యిని చూస్తోంది," అంది మేఘన ఒకనాడు. తన అరచెయ్యి చూసుకుంటూ, "చేతిలో ఏమీ లేకుండా నేను పిలిస్తే వస్తుందా?" అని అడిగింది.

"తెలీదు తల్లీ," అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

చివరి షాటు ధర్మవరం స్టేషన్లో. ఒక ఇంజను, రెండు బోగీలు అద్దెకు తీసుకున్నారు. పాప రైల్లో వెళ్లిపోతుంటే కుక్క ప్లాట్‌ఫారం మీద వెంట పరిగెత్తాలి. మాస్టరు బోగీలో తలుపు చాటున కార్జంతో కూర్చున్నాడు. దీపాలు సర్దేలోపు డాక్టరుగారు ఫోన్ చేస్తే పక్కకు వెళ్లి మాట్లాడి వచ్చాను. అంతలోనే, షూటింగు చూడటానికొచ్చిన మగ్గాలవాళ్ల ఇంటి ఆడవాళ్లు బెల్లం చుట్టూ చేరారు. గడప ముందుకొచ్చిన జీవానికి ఏదో ఒకటి పెట్టకుండా పంపే అలవాటు లేనివాళ్లు. ఇడ్లీలు, బొబ్బట్లలాంటి ఓళిగల ముక్కలు పెట్టేశారు. రైలు కదిలింది. బెల్లం పడుకునే ఉంది.

"ఎవరు పెట్టింది దీనికి?" అని మాస్టరు అరిచాడు.

"అందరమూ పెట్నామప్పా," అంది ఒకామె. "యాక్టరంట, కడుపు సూస్తే ఈపుకంటుకోనుండాది. మీ సినిమాల్లో కూడు పెట్టరా ఏమి?"

అందరూ నవ్వారు, డైరెక్టరు తప్ప. రైలును వెనక్కి తెచ్చి మళ్లీ కదిలించారు. మాస్టరు ఈల వేశాడు, కార్జం చూపించాడు. బెల్లం ఒక కన్ను తెరిచి మూసింది. ఎండ పట్టాల మీద ఎర్రగా సాగిపోతోంది.

మూడోసారి రైలు కదిలినప్పుడు, తలుపు దగ్గర కూర్చున్న మేఘన కట్టడి మరిచిపోయింది. ఖాళీ చెయ్యి చాపి, "బెల్లం, రా!" అని పిలిచింది.

బెల్లం లేచింది. ఒళ్లు విరుచుకొంది. పరిగెత్తలేదు, నడిచింది. నెమ్మదిగా పోతున్న బోగీ పక్కన, ఎవరి తొందరా తనకు పట్టనట్టు నడిచి, మెడ చాపింది. రైలు మెట్టుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు మీదికి దాని ముందుకాలు వెళ్లింది. అది పాపను చేరాలని నాకూ ఉంది. అయినా చెయ్యెత్తాను.

"అమ్మా, చెయ్యి దించండి! ఇంక వెలుతురు లేదు!" అని డైరెక్టరు కేక వేశాడు. నేను దించలేదు. రైలు ఆగింది.

ఆగిన రైలు దగ్గరికి బెల్లం వచ్చి ఆ ఖాళీ చేతిని వాసన చూసింది, నాకింది, అక్కడే కూర్చుంది. మాస్టరు పాప చెయ్యి పట్టి తిప్పి చూశాడు. ఏమీ లేదు. కెమెరామన్ మాత్రం కెమెరా ఆపలేదు. మాస్టరు పాప దగ్గరికి రాకముందు వరకు తీసిన ఆ ముక్కే సినిమా చివర పెట్టారు.

మరునాడు నేనే దాన్ని హిందూపురంలో దించి వచ్చాను. ఆ సాయంత్రం మేఘన ఫోన్ చేసింది. వెనక్కి తిరిగి చూసిందా అని అడిగింది. లేదమ్మా, నేరుగా పోయి చింతపండు గంపల పక్కన పడుకుంది అని ఉన్నదే చెప్పాను.

తర్వాత, "తినిందా అవ్వా?" అంది.

తినిందని చెప్పాను.

ఆకలితో ఉన్న జంతువు ఎవరి దగ్గరికైనా వస్తుంది. దాన్నిబట్టి దాని ఇష్టం తెలియదు. అది తెలియాలంటే ముందు కడుపు నింపాలి, తర్వాత ఖాళీ చేత్తో పిలవాలి. నా తర్వాత ఆ ఉద్యోగంలో చేరినామెకు పని అప్పజెప్పేటప్పుడు ఇది కూడా చెప్పాను.