మరిగిపోయిన మంచి క్రిములు

బుస్స్...

వంటింట్లోంచి వచ్చిన ఆ చప్పుడుకి డ్రైవరు మంచం మీదే నవ్వుకున్నాడు. "లేచిందేమే నీ పాము?" అని భార్యను కేకేశాడు. ఆమె పండ్ల ముక్కలు పులుస్తున్న సీసా మూత కొంచెం తిప్పి, లోపలి గాలి వదిలి, మళ్లీ బిగించింది. ఆపిల్ ముక్కల మధ్యనుంచి బుడగలు, పొద్దుటి వెలుతురును తలా కాస్త మోసుకుంటూ పైకెక్కుతున్నాయి.

అతనిది పేగుల వాపు జబ్బు. పదహారేళ్లు దూరపు బస్సు నడిపినవాడు ఏడాదిగా డిపోలో టికెట్ల కిటికీ వెనక కూర్చుంటున్నాడు. మరుగుదొడ్డి పది అడుగుల్లో లేకపోతే అతనికి గుండె దడ. ఆర్నెల్లలో కుదుటపడకపోతే స్టీరింగు మాట మరిచిపోవాల్సిందేనని పైఅధికారి తేల్చేశాడు.

ఆసుపత్రిలో రోగుల తిండి సంగతి చూసే అమ్మాయి, డాక్టరును అడిగి, ఒక పొడి ఇచ్చింది. "పండ్ల ముక్కల్లో కలిపి పులియబెట్టండి. మందులు మాత్రం మానొద్దు. ఇది వాటికి తోడు, అంతే. అందరికీ పడుతుందనీ చెప్పలేను."

నెల తిన్నాడు. కడుపు దారికి రాలేదు.

"ఎలా పెడుతున్నారక్కా?" అని భార్యను అడిగింది ఆ అమ్మాయి.

"శుభ్రంగానే! పులిశాక ఇరవై నిమిషాలు కుక్కర్లో ఉడికించి, చల్లార్చి..."

"అయ్యో అక్కా! ఆ పొడిలోని మంచి క్రిములు బతికుండగా కడుపులోకి పోవాలనే కదా ఇదంతా!"

భార్య ముఖం చిన్నబోయింది. అదే ఆసుపత్రిలో కత్తులూ కత్తెరలూ ఆవిరి యంత్రంలో శుద్ధి చేయడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ఒక్క క్రిమిని కూడా ప్రాణాలతో వదిలిన చెయ్యి కాదది.

డ్రైవరు పగలబడి నవ్వాడు. "కన్నబిడ్డల్లా పెంచి కుక్కర్లో వేశావుటే! నెల్రోజులుగా నేను తిన్నవి శవాలా?"

"ఊరుకోండి, నలుగురూ వింటారు!" అంటూనే ఆమెకూ నవ్వాగలేదు.

మర్నాడు సీసా తెరవగానే ఆమె చెయ్యి దానంతటదే పొయ్యివైపు పోయింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఆపింది. కళ్లు గట్టిగా మూసుకుని, ఉడికించని ముక్కలు మొగుడి గిన్నెలో వేసింది.

కడుపు ఒక్కసారిగా ఏమీ మారలేదు. వాన వెలిసినట్టు, మెల్లగా తెరిపిచ్చింది. రోజుకు పదిసార్లు మరుగుదొడ్డికి లేచేవాడు ఆరుసార్లకు, ఆపైన మూడుకు వచ్చాడు. నాలుగో నెలలో మళ్లీ పరీక్షలు చేయించుకున్నాడు. "మందు గుణమా, ముక్కల గుణమా డాక్టరుగారూ?" అని భార్య అడిగితే, "రెండూ కలిసొచ్చాయేమోనమ్మా, రెండూ మానకండి" అంటూ ఆయన, బస్సు నడపొచ్చన్న కాగితం మీద సంతకం చేశాడు.

దూరపు బస్సు మళ్లీ చేతికొచ్చిన రోజు, భార్య అతని వెనక సీట్లోనే కూర్చుంది. అతని జబ్బు కథ రాసుకోవడానికి పేపరు నుంచి వచ్చిన మనిషి ఇంకో సీట్లో సర్దుకున్నాడు. డ్రైవరు అద్దంలోంచి అతన్ని చూసి, గొంతు సవరించుకున్నాడు.

"బాబూ, దిగే పనేమైనా ఉంటే ఇప్పుడే కానిచ్చుకోండి. రెండున్నర గంటలు నేనింక ఎక్కడా ఆపను."