ఆ గోలు నా తప్పు కాదు

మలాయ్ గడ్డ మీద అరవైల నాటి సంగతి. మధ్యాహ్నం మూడింటికి సైన్యం లారీ నన్ను విశ్వవిద్యాలయం వెనక గేటు దగ్గర దించింది. వాన. కిట్ బ్యాగు, రైఫిలు, రెండు జతల బూట్లు. విద్యార్థుల రిజర్వు దళానికి డ్రిల్లు నేర్పమని ఆర్డరు. ఏడాది డ్యూటీ. బస రబ్బరు చెట్ల పక్కన రేకుల షెడ్డులో. గాలి వచ్చేది ఒక్క కిటికీలోంచే. దాని కింది మంచాన్ని వైర్‌లెస్ ఆపరేటరు ముందే ఆక్రమించాడు. అతడిదీ మా ఊరే, బాగన్ దాతుక్. అయినా పక్కకు జరగలేదు.

ఆ ఫుట్‌బాల్ సీజన్ గురించి క్లాంగ్ పట్నంలో ఇప్పటికీ పెళ్లిళ్లలో మాట్లాడతారు. “కప్పు పోగొట్టిన గోల్‌కీపరు ఈయనే” అని నన్ను చూపిస్తారు. అందుకే ఇది రాస్తున్నాను.

మా బెటాలియన్ ఫుట్‌బాల్ జట్టుకు సార్జెంటే కోచ్. అంతకు ముందు ఏడు నన్ను అందరి ముందూ జట్టులోంచి తీసేశాడు. “డేయ్ పొట్టోడా, పైబారు అందాలంటే నీకు నిచ్చెన కావాలి లా” అన్నాడు, అక్కడి అలవాటుగా చివర ‘లా’ తగిలించి. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

నేను వచ్చిన కొద్ది రోజులకే విశ్వవిద్యాలయం జట్టు గోల్‌కీపరుకు మణికట్టు విరిగింది. జట్టు కెప్టెన్ షెడ్డుకు వచ్చాడు. వైద్యం చదివే తమిళ కుర్రాడు.

“అణ్ణే, ఇక్కడ పనిచేసే వాళ్లెవరైనా ఆడొచ్చు. వస్తారా?”

“ఎత్తు చాలదంటారేమో.”

“మాకు చేతులు కావాలి, అణ్ణే. ఎత్తు కాదు.”

ఆడాను. వానలో, ఎర్ర బురదలో. గెలుస్తూ వచ్చాం. ఫైనల్లో ఎదురుపడింది మా బెటాలియనే. నాకు కప్పు మీద ఆశ లేదు. గోల్లో నేనుండగా సార్జెంటు ఓడిపోవాలి. అంతే.

ఆ రోజు పొద్దుటి నుంచి కూర్చోలేకపోయాను. బూట్లు తొడగడం, విప్పడం.

“ఏటిరా, గుడ్డెట్టే కోడిలాగ తిరుగుతున్నావు? కూకో లా” అన్నాడు వైర్‌లెస్ ఆపరేటరు.

“సార్జెంటు వచ్చినాడా?”

“వచ్చినాడు. గొడుగు కూడా తెచ్చినాడు, నీ ఏడుపుకి తడిసిపోతాడని.”

ఆట చివరికి వచ్చింది. ఇద్దరికీ గోల్ లేదు. ఎడమ నుంచి వాళ్ల వింగర్ కొట్టాడు. బలం లేని దెబ్బ. వంగబోతున్నాను. గీత బయట నుంచి సార్జెంటు అరిచాడు.

“సెదియా!”

మలాయ్ భాషలో అది అటెన్షన్ ఆర్డరు. మడమలు కలపాలి, చేతులు పక్కలకు అంటించాలి. ప్రతి ఉదయం పరేడ్‌లో విన్న మాట. ఒళ్లు నన్ను అడగలేదు. నిలబడిపోయాను. నేను డ్రిల్లు నేర్పిన మా ఇద్దరు బ్యాకులూ నిలబడ్డారు. వాళ్ల ఫార్వర్డులూ నిలబడ్డారు. బంతి ఒక్కటే సైన్యంలో లేదు. లోపలికి వెళ్లింది.

రిఫరీ గోలు ఇచ్చాడు. గీత బయటి అరుపులతో తనకు సంబంధం లేదన్నాడు. మా కంపెనీ కమాండరుకు ఫిర్యాదు చేశాను. ఆయన అడిగాడు.

“ఆర్డరు విన్నావు, పాటించావు. ఫిర్యాదు దేని మీద?”

ఏడాది ముగిసి బెటాలియన్‌కు తిరిగొచ్చాను. మొదటి పరేడ్‌లో అదే సార్జెంటు, అదే ఆర్డరు. పాటించాలో లేదో నేను తేల్చుకునేలోపే నా మడమలు కలిశాయి. అతడు నా వంకే చూసి నవ్వాడు.

అటెన్షన్‌లో తల తిప్పకూడదు. అందుకే ఆ గోలు జ్ఞాపకంలో కూడా నాకు నిండుగా ఎప్పుడూ కనిపించదు. ఎడమ కంటి కొసన బురద పట్టిన తోలు బంతి మెల్లగా దొర్లుతుంది. నా చెయ్యి నిక్కరు కుట్టు మీద ఉంటుంది. రెంటి మధ్య దూరం జానెడు.