రెండో అంతస్తు అమ్మాయిలు

రాజమండ్రి యూనివర్సిటీలో చేరిన మొదటి సంవత్సరం మాకు నచ్చిన గదిలో మమ్మల్ని ఉండనివ్వలేదు. లెక్కల గ్రూపులో చేరిన ఆడపిల్లలం ఇరవై నాలుగు మందిమీ హాస్టల్ రెండో అంతస్తులోనే ఉండాలన్నారు. ఊళ్ళోనే ఇల్లున్న రాజమండ్రి అమ్మాయికైనా అదే రూలు. కొత్తగా వచ్చినవాళ్ళు కలిసి ఉండి, కలిసి చదువుకుంటే మధ్యలో మానేసి వెళ్ళిపోరని ఆ పద్ధతి పెట్టారు. మూల గదిలో మా లెక్చరరుగారొకావిడ కూడా మాతోపాటే ఉండేవారు.

మానేసి వెళ్ళిపోదామని మొదట అనుకున్నది నేనే.

మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. నాన్న కౌలుకి వరి చేస్తాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను. లెక్కల్లో నన్ను మించినవాళ్ళు మా కాలేజీలో లేరు. అవధి, ప్రమేయం, అవకలజం అంటే నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఇక్కడ క్లాసులో అవే లిమిట్, ఫంక్షన్, డెరివేటివ్ అంటూ ఇంగ్లీషులో గబగబా వెళ్ళిపోతుంటే నాకు తెలిసిన పాఠమే నాకు కొత్తగా ఉండేది. బోర్డు మీద ఉన్నది నోట్సులో ఎక్కించుకునేలోపు తుడిచేసేవారు.

మా గదిలో ముగ్గురం. రాజమండ్రి అమ్మాయి చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియం. లెక్చరర్లు ఏదడిగినా టక్కున చెప్పేది. ఆమె ముందు నోరు విప్పాలంటే నాకు భయం. మూడో అమ్మాయి వాళ్ళ ఊరు పోలవరం ప్రాజెక్టు ముంపులో పోయింది. వాళ్ళని కొత్త కాలనీకి మార్చారు. ఆమె మాత్రం క్లాసులో లేచి నిలబడి, "అర్థం కాలేదండి, మళ్ళీ చెప్తారా?" అని అడిగేసేది. వెనక ఎవరో నవ్వినా కూర్చునేది కాదు.

మా అంతస్తులో ఇంకో నియమం ఉండేది. సాయంత్రం టీ తాగాక అందరం హాల్లో కూర్చోవాలి. రోజుకొకరు బోర్డు దగ్గరికి వెళ్ళి, ఆ వారం విన్న పాఠంలో ఒక ముక్క మిగిలినవాళ్ళకి చెప్పాలి. నా వంతు శనివారం వచ్చింది. శుక్రవారం పొద్దున్నే నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, నాకిక్కడ ఏం అర్థం కావట్లేదు. రేపు మధ్యాహ్నానికల్లా వచ్చి తీసుకెళ్ళిపో."

"సరేనమ్మా, వస్తాను" అన్నాడు నాన్న.

బ్యాగు సర్దుకుంటుంటే పోలవరం అమ్మాయి చూసింది. నన్ను ఆపలేదు. మంచం మీద కూర్చుని, "కాలనీకి వచ్చిన కొత్తలో మా ఇల్లు ఏదో నాకే తెలిసేది కాదు. అన్నీ ఒకేలా ఉండేవి. ఒకసారి వేరేవాళ్ళింట్లోకి వెళ్ళిపోయి కాళ్ళు కూడా కడిగేసుకున్నాను" అంది. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. "తర్వాత ఏం చేశావ్?" అన్నాను. "ఏం చేస్తాను? రోజూ ఎవరో ఒకర్ని దారి అడుగుతూ వెళ్ళేదాన్ని. నెలకి అలవాటైంది."

శనివారం నాన్న మధ్యాహ్నానికి రాలేదు. బస్సు చెడిపోయి, ఇంకో బస్సు పట్టుకుని వచ్చేసరికి సాయంత్రం అయిదు దాటింది. సంగతి తెలిసి లెక్చరరుగారు కిందికి వచ్చి నాన్నతో మాట్లాడారు.

"మీ అమ్మాయిని తీసుకెళ్ళొద్దని అననండి. కానీ ఈ రోజు తన వంతు. అది అయ్యాక మీ ఇష్టం. మీరూ వచ్చి కూర్చోండి."

"నాకేం తెలుస్తుందండీ?" అంటూనే నాన్న వచ్చి హాల్లో చివరి కుర్చీలో కూర్చున్నాడు.

బోర్డు దగ్గర నిలబడి నోట్సు తెరిచాను. డెరివేటివ్ చెప్పాలి. నోట్సులో ఉన్న ఇంగ్లీషు వాక్యం ఒకటి చదివాను. రెండోది చదువుతుండగా పోలవరం అమ్మాయి చెయ్యెత్తింది.

"నాకర్థం కాలేదు. తెలుగులో చెప్పు."

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నాన్న వచ్చిన బస్సే తీసుకున్నాను. రామచంద్రపురం నుంచి రాజమండ్రికి ఎంత దూరమో, ఎంతసేపు పట్టిందో తెలిస్తే సగటు వేగం వస్తుంది. కానీ బస్సు మండపేటలో ఆగింది, ద్వారపూడి దాటాక పరిగెత్తింది. ఫలానా మైలురాయి దాటిన ఆ క్షణంలో ఎంత వేగంతో వెళ్తోంది?

"మీటరు చూస్తే తెలుస్తుంది కదా" అంది ముందు వరసలో ఒకమ్మాయి.

వెనక నుంచి నాన్న, "ఆ బస్సులో మీటరు పనిచెయ్యదమ్మా!" అన్నాడు.

హాలంతా నవ్వింది. లెక్చరరుగారు కూడా నవ్వారు. నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"మీటరు పనిచెయ్యకపోతేనే కదా నాన్నా, మనం లెక్కకట్టాలి!"

మైలురాయికీ మైలురాయికీ మధ్య లెక్కేశాం. తర్వాత స్తంభానికీ స్తంభానికీ మధ్య. ఆ దూరాన్ని ఇంకా, ఇంకా తగ్గించుకుంటూ పోతే వేగం ఏ సంఖ్య దగ్గరికి చేరుతుందో అదే మనక్కావలసినది, అదే డెరివేటివ్ అన్నాను. బోర్డు మీద సూత్రం రాసి ఇటు తిరిగితే అందరూ రాసుకుంటున్నారు. రాజమండ్రి అమ్మాయి మాత్రం పెన్ను పక్కన పెట్టి బోర్డు వంకే చూస్తోంది.

"ఇదా అర్థం? నేను ఇన్నాళ్ళూ బట్టీ పట్టేశానే!" అంది అందరూ వినేలా.

నాకు నమ్మబుద్ధి కాలేదు. నేను భయపడింది ఈ పిల్లకా?

హాలు ఖాళీ అయ్యాక నాన్న దగ్గరికి వెళ్ళాను. బ్యాగు ఎక్కడని అడుగుతాడనుకున్నాను.

"నువ్వు చెప్పింది నాకు సగమే తెలిసింది. కానీ ఇంతమంది రాసుకున్నారమ్మా" అన్నాడు. ఆగి, "ఏంటి మరి, వెళ్దామా?" అన్నాడు.

"ఇంకో నెల చూస్తాను నాన్నా."

"చూడు. వద్దనుకుంటే ఫోన్ చెయ్యి, వస్తాను" అని చివరి బస్సుకి వెళ్ళిపోయాడు. ఆయన గేటు దాటుతుంటే వెనకాలే పరిగెత్తాలనిపించిన మాటా నిజమే.

మర్నాడు ఆదివారం రాజమండ్రి అమ్మాయి మా ఇద్దర్నీ వాళ్ళింటికి తీసుకెళ్ళింది. పనసపొట్టు కూర వడ్డిస్తున్న వాళ్ళమ్మగారితో, "అమ్మా, ఈ అమ్మాయే నాకు లెక్కలు చెప్తోంది" అని నన్ను చూపించింది. చెప్పింది ఒక్కరోజే. అయినా నేను కాదనలేదు. ఆ రోజు నుంచి పొద్దున్నపూట ఆమె నాకు ఇంగ్లీషు చదివి వినిపించేది, నేను ఆమెకి లెక్కలు విడమరిచి చెప్పేదాన్ని. ఇద్దరికీ అర్థం కాని చోట పోలవరం అమ్మాయి వెళ్ళి లెక్చరరుగారి తలుపు కొట్టేది.

మొదటి సెమిస్టర్‌లో నా ఇంగ్లీషు పేపరు పోయింది. ఫోన్లో నాన్నకి చెబితే, "మళ్ళీ రాయొచ్చంటగా?" అన్నాడు. మళ్ళీ రాశాను, పాసయ్యాను. లెక్కల్లో మాత్రం మా ముగ్గురికీ మంచి మార్కులే వచ్చాయి. రెండో ఏడు వేరే అంతస్తుకి మారమన్నప్పుడు, ముగ్గురం ఒకే గదికి దరఖాస్తు రాసుకున్నాం.